పితికిపప్పు మీద బనాయించిన కేసు

సంక్రాంతి దగ్గరపడితే మా చిత్తూరు జిల్లాలో ఎవరి పొట్ట ఉబ్బినా ముద్దాయి ఒక్కటే, అనపగింజల్ని నానబెట్టి పొట్టు పితికి వండే పితికిపప్పు. విచారణ లేదు, సాక్షులు లేరు, నేరుగా శిక్షే. అందుకే దాని తరఫున నేను వకాల్తా పుచ్చుకున్నాను. ఫీజు రెండు సంకటి ముద్దలు.

కొంత నేరం ఒప్పుకుంటాం. అనపగింజల్లో రాఫినోజ్, స్టాకియోజ్ అనే చక్కెరలుంటాయి, వాటిని విడగొట్టే ఎంజైమ్ మన పేగుల్లో తయారు కాదు. అవి అరక్కుండానే పెద్దపేగుకు దిగేసరికి అక్కడ కోట్ల బ్యాక్టీరియా ఆకులేసుకుని పంక్తిలో కూర్చునుంటాయి. అవి తిని వదిలేది హైడ్రోజన్, కార్బన్ డయాక్సైడ్, కొందరి కడుపులో మీథేన్ కూడా. వీటిలో ఒక్కదానికీ వాసన లేదు. మన పరువు తీసేది మొత్తంలో ఒక శాతం కూడా ఉండని గంధకపు వాయువులు. ఆరోగ్యంగా ఉన్న మనిషికే రోజుకు 10 నుంచి 20 సార్లు గ్యాస్ పోతుందట, కాబట్టి మాకెప్పుడూ లేదనేవాళ్ల సాక్ష్యం చెల్లదు.

పైగా మా అమ్మ గింజల్ని రాత్రంతా నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, ఒక్కో గింజా పితికి పొట్టు తీస్తుంది. ఆ నీళ్లతోనే సగం గొడవ పోతుంది (సగం అన్నది లాయరు లెక్క, కొంత పోయేది మాత్రం నిజం).

ఇప్పుడు అసలు ముద్దాయి దగ్గరకు వస్తాను. మా బావ. ఒక చేతిలో ఫోను, ఇంకో చేతిలో సంకటి ముద్ద. సంకటి నమిలేది కాదు మింగేది అన్న పెద్దల మాటను ఆయన పూరీకి, వడకు, చివరికి చెనిక్కాయలకు కూడా వర్తింపజేసినాడు, మధ్యమధ్యలో రాజకీయాలు మాట్లాడతాడు, ముద్దకొక గుక్కెడు గాలి ఉచితం. మీద ఉల్లిపాయ పకోడీ, రెండు గ్లాసుల పాలు. ఉల్లిపాయా బ్యాక్టీరియాకు ఇష్టమే, పాలు పడని ఒంటికి పాలూ అంతే, కానీ వాటి మీద ఎవరూ కేసు పెట్టరు. అంతా అయినాక పొట్ట పట్టుకుని వీధి చివర గోలీ సోడా తాగి, బ్రేవ్‌మని తేన్చి, "గ్యాస్ దిగిపోయింది రా" అన్నాడు. దిగింది సోడాలోని గ్యాసు బావా, నువ్వు డబ్బిచ్చి కొన్నది! పాతది ఎక్కడిదక్కడే ఉంది.

ఉందని మర్నాడు తిరుమల బస్సులో తేలింది. కొండెక్కేకొద్దీ బయట గాలి ఒత్తిడి తగ్గుతుంది, లోపలి గ్యాసు వ్యాపిస్తుంది. నా చేతిలోని చిప్స్ ప్యాకెట్టూ, పక్కన మా బావా ఒకేసారి ఉబ్బడం మొదలుపెట్టినారు. నాలుగు మలుపులు తిరిగేసరికి బస్సులో కిటికీలన్నీ ఒకటొకటిగా తెరుచుకున్నాయి, అందరూ ఉన్నట్టుండి అడవి అందాలు చూడసాగినారు. అల్లుణ్ణి ఒక మాట అనలేని మా అమ్మ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని ముందు సీటు నుంచి తిరిగి చూసింది.

"పాడు పప్పు, మా నాయనకు పడినట్టు లేదు."