తాడు తెగింది, సెట్టు మార్చండి

చెట్లు కోసే రంపం మిషనుకు స్టార్టర్ తాడు తెగడం చిన్న విషయమని ఇంకా ఎవరైనా అనుకుంటూ ఉంటే, వాళ్ళు ఒకసారి అనంతపురం వచ్చి ఇక్కడి సర్వీస్ సెంటర్ కౌంటరు ముందు నిలబడాలి. పేరు చెప్పను. చెప్పకపోయినా మీలో సగం మందికి అది ఏదో తెలుసు, మిగతా సగానికి మీ ఊళ్ళో అలాంటిదే ఇంకొకటి ఉంటుంది.

తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. మిషను పక్కన ఒక ప్లాస్టిక్ మూత, దాన్ని పట్టుకుని మామూలుగా నాలుగు స్క్రూలు. మూత లోపల పుల్లీ, పుల్లీకి చుట్టి సుమారు మీటరు పొడవు, మూడు మూడున్నర మిల్లీమీటర్ల మందం నైలాన్ తాడు, దాని వెనక చుట్టలు చుట్టిన స్ప్రింగు. పిడి పట్టి లాగితే పుల్లీ తిరుగుతుంది, చిన్న కొక్కేలు ఇంజనుకున్న ఫ్లైవీల్ చక్రాన్ని పట్టుకుంటాయి, ఇంజను తిరుగుతుంది. వదిలితే స్ప్రింగు తాడును లోపలికి లాక్కుంటుంది. అంతే. చిప్పు లేదు, సెన్సార్ లేదు, ఓటీపీ రాదు. వంకరగా లాగీ లాగీ, తాడు బయటికొచ్చే మూత రంధ్రం అంచుకు ఒరుసుకుని ఒకరోజు తాడు తెగుతుంది. లేదా చోక్ వేసిపెట్టి, పెట్రోలు ఎక్కువై స్టార్టు కాని మిషనును కోపంగా పీకితే తెగుతుంది.

ఇక కౌంటరు.

"ఏం ప్రాబ్లమన్నా?"

"తాడు తెగింది."

"మిషన్ స్టార్ట్ అవుతోందా?"

తాడు లేని మిషను ఎట్లా స్టార్ట్ అవుతుందో నాకు తెలీదు, ఆ కుర్రాడికీ తెలీదు, కానీ ఫారంలో గడి ఉంది, గడి నిండాలి. "కాదు" అని రాసుకున్నాడు. సీరియల్ నంబరు రాసుకున్నాడు. కొన్న తేదీ, బిల్లు, ఫోన్ నంబరు, ఆ నంబరు కలవకపోతే ఇంకో నంబరు. పెట్రోల్లో ఆయిల్ ఎంత కలుపుతారని అడిగాడు. మిషనుతో ఇచ్చిన పుస్తకంలో ఉన్నట్టే లీటరుకు 20 మి.లీ. అన్నాను. "మా కంపెనీ ఆయిలేనా?" అంటూ ఒక చూపు చూశాడు. ఆ చూపుకే నా వారంటీ ప్రాణం పోయింది. తాడుకూ ఆయిల్‌కూ ఏం సంబంధమప్పా అంటే, "సిస్టం అడుగుతుందన్నా" అన్నాడు.

తర్వాత సార్ చూడాలి. సార్ భోజనానికి వెళ్ళారు. వచ్చాక, తెగిన పిడిని అందుకుని, దానికి వేలాడుతున్న జానెడు తాడును ట్యూబ్‌లైటు వెలుతురులోకి ఎత్తి పట్టుకుని చూశారు. తిప్పి చూశారు. మిషను వైపు చూశారు, మళ్ళీ తాడు వైపు చూశారు, జూనియర్‌ను పిలిచి చూపించారు. జూనియర్ ఫోటో తీశాడు. ఆ ఫోటో ఎక్కడికో వెళ్ళింది. అందరం ఊపిరి బిగబట్టి కూర్చున్నాం. బెంగళూరులో ఏ మహానుభావుడు దాన్ని చూసి నిర్ధారించాడో గానీ, ఫోన్ టింగుమంది, సార్ గొంతు సవరించుకుని చెప్పారు: "రోప్ కట్ అయింది."

"సరే సార్, కొత్త తాడు వేయండి."

"రోప్ ఒక్కటే రాదు. స్టార్టర్ అసెంబ్లీ మొత్తం మార్చాల."

"మూత బాగుంది కదా?"

"బాగుంది."

"పుల్లీ?"

"బాగుంది."

"స్ప్రింగు?"

"అదీ బాగుంది. కానీ సెట్టుగానే వస్తుంది."

సెట్టు స్టాకులో లేదు. వారం పడుతుంది, పది రోజులూ పట్టొచ్చు. అడ్వాన్స్ మాత్రం ఇప్పుడే కట్టాలి. ఈ లెక్కన చేంతాడు తెగితే బావి మార్చుకోవాలి కాబోలు.

2022లో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ రిపేరు హక్కు మీద ఒక కమిటీ వేసింది. అదే ఏడాది డిసెంబరు 24న పోర్టల్ కూడా తెరిచింది. మొబైళ్ళు, ఇంటి సామాన్లు, బండ్లతో పాటు వ్యవసాయ పరికరాలనూ అందులో చేర్చారు. ఢిల్లీకి గుర్తొచ్చిన మాట కౌంటరుకు గుర్తు రాలేదు. పోర్టల్ సంగతి ఎత్తితే, "అది మా సిస్టంలో లేదన్నా" అన్నాడు కుర్రాడు, పాపం, నిజమే చెప్పాడు.

నవ్వుకోండి. కానీ ఈ మిషను ఎవరి చేతిలో ఉంటుందో తెలుసా? నార్పల వైపో గార్లదిన్నె వైపో పోయి చూడండి. బోరు ఎండిపోయి, అప్పు చేసి ట్యాంకర్లతో నీళ్ళు పోసి, అయినా దక్కని చీనీ (బత్తాయి) తోటను రైతే దగ్గరుండి కోయిస్తాడు. ఆ కోతకు వచ్చే మనిషికి మిషనే ఆస్తి, అదీ వడ్డీకి తెచ్చిన డబ్బుతో కొన్నది. తాడు తెగిన రోజు నుంచి అతనికి కూలీ లేదు, వడ్డీ మాత్రం ఆగదు. పది రోజుల ఆ కూలీ మీ అసెంబ్లీలో ఏ పార్టు కింద వస్తుంది సార్? మీటరు తాడు విడిగా అమ్మడం చేతకానివాళ్ళు మిషను ఎందుకు అమ్మారు? చేతకాకేం, బాగా చేతనవును. తాడు అమ్మితే ఏం మిగులుతుంది, సెట్టు అమ్మితేనే కదా మిగిలేది. ఆ మాట బోర్డు రాసి పెట్టండి, మేం ఫారాలు నింపే పని తప్పుతుంది.

పాతూరులో మోటార్లు రిపేరు చేసే ఒక పెద్దాయన టీ చల్లారేలోపు ఈ పని చేసేస్తాడు. తాడు తెగిందంటే స్ప్రింగు అప్పటికే వదులై ఉంటుంది, కాబట్టి మూత విప్పడానికి భయం లేదు. పుల్లీని మాత్రం పూర్తిగా పైకి ఎత్తకూడదు, ఎత్తితే స్ప్రింగు ఎగిరి ముఖానికి తగులుతుంది, కళ్ళద్దాలు పెట్టుకోవాలి. కొత్త తాడు కొసను అగ్గిపుల్లతో కరిగించి, పుల్లీలో దూర్చి ముడి వేయాలి. రెండో కొస పిడికి. పుల్లీని తాడు లాగితే తిరిగే వైపే కొన్ని చుట్లు తిప్పి స్ప్రింగుకు బిగువు ఎక్కించి వదిలితే, పిడి వచ్చి మూతకు ఆనుకుంటుంది. చివరగా తాడు మొత్తం లాగి పట్టుకుని చూడాలి, అప్పుడు కూడా పుల్లీ ఇంకో అర చుట్టు తిరగాలి. తిరగకపోతే బిగువు ఎక్కువైనట్టు, ఒక చుట్టు తగ్గించాలి, లేకపోతే స్ప్రింగు విరుగుతుంది. అప్పుడు నిజంగానే సెట్టు కొనాలి, వాళ్ళకు పండగ.

లాగేటప్పుడు ముందు మెల్లగా, కొక్కేలు పట్టుకున్నాక గట్టిగా, సూటిగా. పిడిని గాల్లో వదిలేయకుండా చేత్తోనే వెనక్కి పంపండి. బట్టలారేసే తాడు పెట్టొద్దు, ఆ ఒరుపుకు ఆగదు. స్టార్టర్ తాడే అడిగి తీసుకోండి, కొన్ని షాపుల్లో మీటర్ల లెక్కన కోసి ఇస్తారు. ఐదు మీటర్లు కొని మిషను సంచిలో పడేసుకోండి, పక్క తోటలో కోసేవాడిది తెగినా పనికొస్తుంది.