పడకకుర్చీ గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ పడకకుర్చీ గారికి,

కర్నూలు నుంచి, అనగా మీకు మూడడుగుల దూరంలోని కిటికీ దగ్గర నుంచి, మీ చిరకాల ఆశ్రితుడు రాసుకొన్న విన్నపం. ఉభయకుశలోపరి.

ఉద్యోగ విరమణ నాడు నాకొక శాలువా, ఒక గోడ గడియారం దక్కగా, ఆ మరునాటి నుంచి నన్ను మోస్తున్నవారు మీరు. మీ గుడ్డ నా నడుముకు లొంగి పల్లమైంది. మీ కుడిచేతి మీద కాఫీ గ్లాసు పెట్టీ పెట్టీ నల్లని వలయం పడింది. మీ వెనక కర్ర మూడో గాడిని వదిలి ఎన్నడూ కదలలేదు. కొండారెడ్డి బురుజు గురించీ, తుంగభద్ర ఒడ్డు గురించీ రాద్దామని నేను మొదలుపెట్టిన నోటుబుక్కు పదకొండో పేజీ దగ్గర ఆగిపోయి, వసారా గచ్చు ఎగుడుదిగుడుగా ఉండడం వల్ల, మీ కాలికింద ఎత్తుగా అమరింది. సాహిత్యానికి ఇంతకంటే స్థిరమైన ఉపయోగం మీరూ నేనూ ఎరుగం.

మన కాపురంలో చిచ్చు పెట్టినది ఒక ఫొటో. 2015 జులైలో అబ్దుల్ కలాం పార్థివదేహాన్ని ఢిల్లీలోని పాలం విమానాశ్రయానికి తెచ్చినప్పుడు, చక్రాల కుర్చీలో వచ్చిన 96 ఏళ్ల అర్జన్ సింగ్, మన వాయుసేన మాజీ అధిపతి, లేచి నిలబడి సెల్యూట్ చేశారు. మొన్న నా మనవరాలు దాన్ని ఫోనులో చూపించి, "ఈ తాత కూడా కుర్చీలోనే వచ్చినాడు కదా" అని మాత్రం అన్నది. మీ జాతికే చెందిన ఆ చక్రాల కుర్చీ తన విధి మరచి ఆయనను ఎట్లా లేవనిచ్చిందో మీరే విచారించాలి.

1965 యుద్ధంలో, సెప్టెంబరు 1న జమ్మూ ప్రాంతంలోని ఛంబ్ వైపు పాకిస్తాన్ ట్యాంకులు చొచ్చుకొని వచ్చినప్పుడు, విమానాలు ఎంతసేపటిలో లేస్తాయని రక్షణ మంత్రి చవాన్ అడిగితే, వాయుసేనాధిపతిగా ఉన్న ఆయన "గంట" అన్నారనీ, 26 నిమిషాలకే విమానాలు లేచాయనీ చెబుతారు. కూరగాయలకు వెళ్లమంటే నేనూ మా ఆవిడతో "గంట" అనే అంటాను. నా గంట ముగిసేలోగా వంకాయలు వాడిపోతాయి.

ఆ సాయంత్రమే మన నాలుగు వాంపైర్ విమానాలు కూలిపోయాయి కదా, తొందరకు ఫలితమదే కదా అని మీరు అడుగుతారు. కొట్టిపారేయదగిన వాదన కాదు. ఆ పాత విమానాలను పాకిస్తాన్ సేబర్ జెట్లకు ఎదురుగా పంపడం నాకూ మింగుడుపడదు. అయితే మూడో రోజుకల్లా మన నాట్ యుద్ధవిమానాలు రంగంలోకి దిగాయి. దెబ్బ తిన్నాక ఒరిగి పడుకోవడానికి ఆయన దగ్గర మీవంటివారు లేకపోయినట్లుంది. 2002లో ఆయనకు ఇచ్చిన, వాయుసేనలో అన్నిటికంటే పెద్దదైన మార్షల్ హోదాకు పదవీ విరమణ అన్నదే లేదు. 2017లో కన్నుమూసేదాకా సర్వీసులో ఉన్నట్లే లెక్క.

ఈ ఉదయం ఓర్వకల్లు విమానాశ్రయం వైపు పోయే విమానం మోత విని లేచినవాణ్ని, మళ్లీ కూర్చోబోయి, వంగి ఆ నోటుబుక్కును లాగేశాను. పదకొండో పేజీ మీద మీ కాలిముద్ర లోతుగా పడింది కాబట్టి పన్నెండో పేజీ నుంచి రాస్తున్నాను. ఇకమీదట మీరు ఎడమవైపుకు కాస్త ఊగుతారు, మన్నించవలెను.

ఇట్లు,
మీ పాత బరువు