అన్నా, ఐదు నిమిషాలు

మొన్న బుధవారం జరిగింది. ఇంకా ఒళ్లు మండుతూనే ఉంది, కాబట్టి ముందు సంగతులు గబగబా చెప్పేస్తా. నేను జర్మనీలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో టీమ్ లీడ్‌ని. ఎనిమిది మంది, ఐదు దేశాలు. సెలవుకు అనంతపురం వచ్చి, రామ్‌నగర్‌లో మా ఇంటినుంచే రెండు వారాలు పని కూడా చేస్తానని ఒప్పుకున్నా (ఎందుకు ఒప్పుకున్నానో అడగొద్దు). రోజూ మీటింగు వాళ్లకు పొద్దున తొమ్మిదిన్నరకి, అంటే ఇప్పటి ఎండాకాలం లెక్కలో మనకు మధ్యాహ్నం ఒంటిగంటకి. ఆ రోజు పన్నెండు గంటలకు శెనక్కాయ కట్టె నిండా వేసుకున్న ట్రాక్టరొకటి మా వీధిలో పోతూ పోతూ నెట్ వైరును కూడా తెంపుకుని పోయింది. రూటర్ మీద ఎల్‌ఓఎస్ అనే ఎర్ర లైటు, అంటే సిగ్నల్ పోయిందని చెప్పేది, టపటపా కొట్టుకుంటోంది.

నెట్టాయనకు ఫోన్ చేశా. "ఐదు నిమిషాల్లో ఉంటా సార్, టవర్ క్లాక్ కాడ ఉండా." పన్నెండున్నరకు చేశా, టవర్ క్లాక్ కాడే ఉన్నాడు. పావుతక్కువ ఒంటిగంటకు చేస్తే "సప్తగిరి సర్కిల్ దాటేసినా సార్" అన్నాడు గానీ వెనక హోటల్లో ప్లేట్ల చప్పుడు వినపడుతోంది.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. నన్ను లీడ్‌ని చేసే ముందు కంపెనీవాళ్లు రకరకాల దేశాలవాళ్లతో ఎట్లా మెలగాలో రెండు రోజులు ట్రైనింగ్ ఇచ్చారు. జపాన్ ఆయన "హై" అంటే ఒప్పుకున్నట్టు కాదు, వింటున్నట్టు మాత్రమే. డచ్చి ఆయన "ఇది బాలేదు" అంటే కోపం కాదు, బాలేదనే. హాఫ్‌స్టెడ్ అని ఒక డచ్చి ప్రొఫెసరు ఐబీఎం ఉద్యోగుల సర్వేలు ముందేసుకుని కట్టిన లెక్కల్లో పవర్ డిస్టెన్స్ అని ఒకటుంది. పైవాడు పైవాడేలే అని కిందివాళ్లు ఎంతమేరకు సర్దుకుపోతారో దాంట్లో తెలుస్తుంది. జర్మనీకి 35, మనకు 77. నిజమే, సారు ముందు కుర్చీలో కూర్చోమంటే మనం ఇప్పటికీ సగమే కూర్చుంటాం. ఇవన్నీ బట్టీ పట్టి సర్టిఫికెట్ తెచ్చుకున్న నాకు, పుట్టి పెరిగిన ఊళ్లో "ఐదు నిమిషాలు" అంటే ఎంతో తెలీలేదు.

ఇంకొక సంగతి. మా టీములో పోలండ్ ఆవిడ ఒకరున్నారు. పేరు అన్నా. జర్మన్లు ఆ పేరును ఒక్క 'న'తోనే కానిచ్చేస్తారు గానీ, పోలిష్‌లో రెండు 'న'లూ ఒత్తి పలుకుతారు, అచ్చం మనం అన్నను పిలిచినట్టే. ఆఫీసు మొత్తమ్మీద తన పేరు సరిగ్గా పలికేది నేనొక్కణ్ణేనని ఆమెకు నా మీద ఒక గౌరవం ఉండేది.

ఒంటిగంటకు లాప్‌టాప్ పట్టుకుని మిద్దెక్కా, సెల్లు సిగ్నల్ అక్కడే దొరుకుతుంది మరి. నీళ్ల ట్యాంకు గట్టు మీద పెట్టి, ఫోన్ హాట్‌స్పాట్‌తో మీటింగులో చేరా. ఒకరి తర్వాత ఒకరు చెబుతున్నారు. అప్పుడొచ్చాడు మహానుభావుడు. నిచ్చెన వేసుకుని ఇంటి ముందు స్తంభమెక్కాడు, సరిగ్గా నా కంటి ఎదురుగా. పవర్ డిస్టెన్స్ అంటారే, ఆ నిమిషంలో మా వీధిలో పవరంతా ఆ నిచ్చెన చివర్న ఉంది, డిస్టెన్స్ పదడుగులు.

నేను మ్యూట్ నొక్కా. అంటే, నొక్కాననుకున్నా. మిట్టమధ్యాహ్నం అనంతపురం ఎండలో స్క్రీన్ మీద నా మొహం తప్ప ఏమీ కనపడదు. గుడ్డిగా నొక్కింది పక్కనున్న కెమెరా బటన్ అట. మైకు శుభ్రంగా పనిచేస్తూనే ఉంది.

"అన్నా! అది కాదన్నా! పక్కింటోళ్లదన్నా అది!"

తర్వాత తెలిసిందేమిటంటే, అన్నా "యెస్?" అందట. నాకు వినపడలేదు, ఎందుకంటే నేను ఇయర్‌ఫోన్లు మెడలో వేసుకుని పిట్టగోడ మీదికి వంగి ఉన్నా.

"అన్నా, లాస్ట్ టైమ్ గూడా ఇట్లే టైమ్ వేస్ట్ చేస్తివి! ఈసారి కరెక్ట్‌గా చేయకపోతే ఆఫీసుకు కంప్లెయింట్ ఇచ్చి కట్ చేయిస్తా, చెప్తాండా!"

ఇప్పుడు మీరు తెలుగు రాని మనిషై ఈ మాట మళ్లీ వినండి. అన్నా, లాస్ట్ టైమ్, టైమ్ వేస్ట్, కరెక్ట్, ఆఫీస్, కంప్లెయింట్, కట్. మనం తెలుగు మాట్లాడుతున్నామని మనమే అనుకుంటాం గానీ, తిట్టేటప్పుడు ముఖ్యమైన ముక్కలన్నీ ఇంగ్లీషులోనే పడతాయని నాకు ఆ రోజే తెలిసింది. పైగా ఆమె పని నిజంగానే రెండు రోజులు లేటు. ఏడుగురూ నోరు మూసుకుని కూర్చున్నారట. డచ్చి ఆయన కూడా మాట్లాడలేదంటే చూసుకోండి.

అంతటితో ఆగినా బాగుండేది. కిందనుంచి మా అమ్మ మొదలుపెట్టింది. "అన్నం పెట్టేసినా రా! అన్నం చల్లారిపోతాంది! రేయ్, అన్నం!" ముందు ఒక మగమనిషి, ఇప్పుడు ఒక ఆడమనిషి. అన్నా పాపం రెండోసారీ "యెస్, ఐ యామ్ హియర్" అందట. ఒక ఇంట్లో ఇద్దరు పెద్దవాళ్లు తన పేరు పెట్టి ఎందుకు కేకలేస్తున్నారో ఆమెకు ఎట్లా తెలుస్తుంది? స్తంభం మీదాయన మాత్రం చల్లగా "భోంచేసి రాపోండి సార్, ఐదు నిమిషాలు" అన్నాడు.

నేను తిరిగొచ్చి ఇయర్‌ఫోన్లు పెట్టుకునేసరికి మీటింగ్ అయిపోయింది. సాయంత్రానికి మీటింగు మినిట్స్, అంటే ఎవరేమన్నారో రాసిపెట్టేవి, వచ్చాయి. రాసేది జపాన్ ఆయన, ఏదీ వదలడు. "టీమ్ లీడ్ భారతీయ భాషలో అన్నా గారి పనిని వివరంగా సమీక్షించారు. అన్నా పేరు 14 సార్లు. కుటుంబ సభ్యురాలొకరు కూడా అభిప్రాయం తెలిపారు."

అన్నా తన పని ఆ రాత్రికే పూర్తి చేసి, సారీ చెబుతూ మెయిల్ పెట్టింది. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలీలేదు. తెల్లారి హెచ్‌ఆర్ నుంచి మెయిల్. జరిగిందంతా రాశా: ట్రాక్టరు, స్తంభం, ఎండ. మా ఊళ్లో ముక్కూమొహం తెలీని మగవాణ్ణి కూడా అన్నా అనే పిలుస్తాం, అంటే పెద్ద సోదరుడని. మా అమ్మ పిలిచింది భోజనానికి అని. జవాబు ఒక్క రోజులో వచ్చింది, ఆ విషయంలో మాత్రం నెట్టాయనకంటే నయం. వివరణకు ధన్యవాదాలట. అయితే మహిళా సహోద్యోగిని సోదరుడా అని సంబోధించడం వేరే విభాగం కిందికి వస్తుందట, దానికి ఇంకో ఫారం ఉందట, ఆన్‌లైన్లోనే నింపాలట, శుక్రవారం లోపల.

ఇవాళ శుక్రవారం. ఎర్ర లైటు మళ్లీ కొట్టుకుంటోంది. ఆయన టవర్ క్లాక్ కాడ ఉన్నాడు.