చూపుడువేలికి అయిదున్నర కిలోలు

ఆత్మరక్షణ గురించి సలహాలిచ్చేవారు ఏ ఇద్దరూ ఒక మాట మీద నిలబడరు గాని, ఒక్క విషయంలో మాత్రం వారందరిదీ ఒకే గొంతు. చేతిలో సత్తువ తగ్గినవారు పిస్తోలు జోలికి పోకూడదనీ, చిన్న తూటా పట్టే రివాల్వరు ఒకటి కొనుక్కుని రోజూ వెంట ఉంచుకోవాలనీ వారు ముక్తకంఠంతో చెబుతారు. పిస్తోలును సిద్ధం చేయాలంటే దాని వీపు మీది ఇనుప తొడుగును గట్టి స్ప్రింగుకు ఎదురొడ్డి వెనక్కి లాగాలి, అది కీళ్లవాతం పట్టిన వేళ్ళకు అయ్యే పని కాదు. రివాల్వరుకు ఆ బెడద లేదు. సిలిండరులో, అంటే తూటాలు పట్టే గుండ్రటి తిరుగుడు డబ్బాలో, తూటాలు వేసి మూసి, అవసరం పడ్డ రోజున ట్రిగ్గరు నొక్కితే చాలు. ఈ "నొక్కితే చాలు" అన్న రెండు ముక్కల మీద గత కొన్ని వారాలుగా నేను చేసిన పరిశోధనను పాఠకుల ముందుంచడం నా కర్తవ్యంగా భావిస్తున్నాను.

పరిశోధకుడి అర్హతలు చెప్పుకోవడం పద్ధతి కనుక చెబుతున్నాను. నాకు అరవై ఏడేళ్ళు. కుడి బొటనవేలి మొదట్లో కీలు అరిగింది. నడుము వంగనని భీష్మించుకుంది. చత్వారం ఉంది, చేతివణుకు ఉంది, రక్తపోటు ఉంది, ఎడమ చెవి పెద్దగా లేదు. తుపాకీ పెట్టుకోవాల్సినంత శత్రువులెవరైనా ఉన్నారా అని అడిగితే మాత్రం, ఈ శరీరాన్ని మించిన శత్రువు ఇప్పటిదాకా ఎదురుపడలేదని ఒప్పుకోవాలి. లైసెన్సు సంగతిని ఆయా దేశాల చట్టాలకు వదిలేసి, ఆయుధం సంగతికే వస్తాను.

మొదటి ప్రశ్న బరువు. ఉక్కుతో చేసిన చిన్న రివాల్వరు 700 గ్రాములకు కాస్త అటూ ఇటూగా తూగుతుంది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా అంత బరువును నడుముకు ఒకవైపు వేలాడదీస్తే, దాడి చేయడానికి వచ్చే మనిషి నా దాకా వచ్చే శ్రమ పడనక్కరలేదు, నేనే ఒక పక్కకు ఒరిగిపోతాను. అందుకని తయారీదారులు దయతలచి అల్యూమినియం మిశ్రమలోహంతో 400 గ్రాముల దగ్గర ఆగే రివాల్వర్లు చేశారు. నడుము సంతోషించింది. అయితే తుపాకీకి నా నడుము మీద ఉన్నంత గౌరవం భౌతికశాస్త్రం మీద కూడా ఉంది. తూటా ముందుకు ఎంత ద్రవ్యవేగంతో పోతుందో, తుపాకీ వెనక్కి అంతే ద్రవ్యవేగంతో వస్తుంది. తుపాకీ బరువును సగం చేస్తే అది వెనక్కి వచ్చే వేగం రెట్టింపవుతుంది, చేతిలోకి దిగే శక్తీ రెట్టింపవుతుంది. నడుము మోయనన్న బరువునంతా మణికట్టు ఒక్క క్షణంలో, వడ్డీతో సహా చెల్లించుకుంటుందన్నమాట. అరిగిన బొటనవేలి కీలు సరిగ్గా ఆ పిడి వెనకే కాచుకుని ఉంటుంది కనుక, గోరుచుట్టు మీద రోకటిపోటు అన్న సామెతకు ఇంతకంటె సాంకేతికమైన ఉదాహరణ నాకు దొరకలేదు.

ఇక్కడ నేనొక సూత్రాన్ని ప్రతిపాదిస్తున్నాను. శక్తి నిత్యత్వ నియమం లాగే బాధ నిత్యత్వ నియమం ఒకటుంది. రివాల్వరులోని బాధను సృష్టించలేము, నాశనం చేయలేము, ఒక కీలు నుంచి మరో కీలుకు బదిలీ మాత్రమే చేయగలము.

మణికట్టును కాపాడాలంటే తూటాను తగ్గించాలి. చిన్న రివాల్వర్లకు వాడుకలో ఉన్న పాయింట్ 38 స్పెషల్ తూటాలో (ఈ పాయింటు అంకె గుండు మందాన్ని అంగుళాల్లో సుమారుగా చెబుతుంది) గుండు బరువు సాధారణంగా 10 గ్రాములు. పాయింట్ 22 లాంగ్ రైఫిల్‌లో అది రెండున్నర గ్రాములే, అంటే పావు వంతు. ఎదురుతన్ను దాదాపు లేనట్టే ఉంటుంది. పైగా అయిదు తూటాలు పట్టే చోట ఎనిమిది పడతాయి. ఇంత సౌమ్యమైన ఆయుధాన్ని కనిపెట్టినవారికి నమస్కరించి, దానినే కొనడానికి నిశ్చయించుకుని, ఒక దుకాణానికి వెళ్ళాను. అమ్మకందారు కుర్రవాడు సిలిండరు తెరిచి, ఖాళీగా ఉందని నాకు చూపించి, గోడవైపు గురిపెట్టి నొక్కి చూడమన్నాడు.

నొక్కాను. ఏమీ జరగలేదు. "కొంచెం గట్టిగా సార్" అన్నాడు. కొంచెం గట్టిగా నొక్కాను. "ఇంకొంచెం సార్" అన్నాడు. కుడి చూపుడువేలి మీద ఎడమ చూపుడువేలు వేసి, ఊపిరి బిగించి, నా పెన్షను కాగితాల మీద సంతకం పెట్టినప్పటి ఏకాగ్రతతో లాగాను. టక్కుమంది. ఆ టక్కు వినిపించేలోగా గొట్టం చివర గోడ మీద నుంచి కిటికీ మీదికీ, కిటికీ మీద నుంచి గడియారం మీదికీ ఒక విహారం చేసి వచ్చింది. కుర్రవాడు ఎంతో మర్యాదగా ఒక అడుగు పక్కకు జరిగాడు. వెంట వచ్చిన మా ఆవిడ దాన్ని అందుకుని, సీసా మూత తీసినంత తేలిగ్గా మూడుసార్లు టక్కుటక్కుమనిపించి బల్ల మీద పెట్టేసింది. అయితే ఇది నీ దగ్గరే ఉండనీ అన్నాను. "తుపాకీని నేను మోస్తే మిమ్మల్నెవరు మోస్తారండీ?" అంది.

ఎందుకిలా అని విచారించగా తేలిన సంగతి, ఈ వ్యాసం మొత్తానికి ప్రాణం వంటిది. పెద్ద తూటాలకు నిప్పంటించే మందు అడుగున నట్టనడుమ ఒక చిన్న గిన్నెలో ఉంటుంది, దాన్ని సుత్తిముల్లు, అంటే ట్రిగ్గరు లాగగానే వెనక నుంచి వచ్చి పడే చిన్న సుత్తి మొన, పొడిస్తే చాలు. పాయింట్ 22కు అలాంటి గిన్నె లేదు. మందు తూటా అడుగు అంచు లోపల చుట్టూ పూసి ఉంటుంది, సుత్తిముల్లు ఆ లోహపు అంచును నలగ్గొడితే తప్ప అది అంటుకోదు. నలగ్గొట్టాలంటే దెబ్బ గట్టిగా పడాలి. దెబ్బ గట్టిగా పడాలంటే స్ప్రింగు గట్టిగా ఉండాలి. ఆ స్ప్రింగును వెనక్కి వంచే పని, సుత్తిని చేత్తో ఎత్తని పద్ధతిలో, పూర్తిగా చూపుడువేలిదే. అందువల్ల బలహీనుల కోసం సిఫారసు చేసే పాయింట్ 22 రివాల్వరు ట్రిగ్గరు, బలవంతులు వాడే పాయింట్ 38 కంటె తరచు బరువుగా ఉంటుంది. అయిదున్నర కిలోల లాగుడు అందులో వింతేమీ కాదు. నాలుగు వందల చిల్లర గ్రాముల వస్తువు తన బరువుకు పన్నెండు పదమూడు రెట్ల బలాన్ని ఒక్క వేలి నుంచి అడుగుతోంది. పిట్ట కొంచెం కూత ఘనం అని పెద్దలు దేన్ని చూసి అన్నారో తెలియదు గాని, దీన్ని చూసినా అదే అనేవారు. పిస్తోలు తొడుగును రెండు చేతులతో లాగలేనివాడికి, రెండు చేతుల పనినీ ఒకే వేలికి అప్పగించే యంత్రాన్ని ఇవ్వడమే ఈ సలహాలోని గొప్పతనం.

దీనికి పరిష్కారం లేకపోలేదని కుర్రవాడే చెప్పాడు. సుత్తిని ముందుగా బొటనవేలితో వెనక్కి ఎత్తి పెట్టుకుంటే, ఆ తరువాత ట్రిగ్గరుకు కిలోన్నర, రెండు కిలోల ఒత్తిడి చాలు. ఏ బొటనవేలితో అని అడిగాను. అతను నా చేతివైపు చూసి ఊరుకున్నాడు. పైగా రోజూ వెంట ఉంచుకునే రివాల్వర్లలో చాలావాటికి, జేబు గుడ్డకు చిక్కుకోకుండా సుత్తిని లోపలే దాచేస్తారు. చొక్కా చినగకూడదన్న ఆ ముందుచూపులో బొటనవేలికి చివరి అవకాశం కూడా పోయింది.

ఇందులో చరిత్ర కూడా ఉంది. స్మిత్ అండ్ వెసన్ కంపెనీ 1887లో సుత్తి లోపల దాగి ఉండే రివాల్వరు ఒకటి తెచ్చింది. పిడి వెనక ఒక మీట ఉంటుంది, పిడిని గట్టిగా పిండుతూ ట్రిగ్గరు లాగితేనే అది పేలుతుంది. జనం దానికి నిమ్మకాయ పిండేదని ముద్దుపేరు పెట్టారు. పిల్లల చేతిబలానికి అది లొంగదన్నది దానికి దక్కిన మెప్పు. పిల్లలకు లొంగని యంత్రం ముసలివారికీ లొంగదన్న సంగతి ఆనాడు ఎవరికీ తట్టినట్టు లేదు. మందుసీసాలకు పిల్లలు తీయలేని మూతలు పెట్టినవారి ఆలోచనా ఇటువంటిదే. నా మాత్రల సీసా మూత కూడా మా మనవడే తీసిపెడతాడు. రివాల్వరు విషయంలో మాత్రం ఈ ఏర్పాటు కుదరదు, కుదరకూడదు. ట్రిగ్గరు తేలిక చేయించుకుందామన్న ఆలోచన వచ్చిన ప్రతిసారీ ఆ మనవడే గుర్తుకొచ్చి ఆగిపోతున్నాను. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం.

వైద్యశాస్త్రం ఈ విషయంలో నా కంటె ముందే వ్యంగ్యం రాసి పెట్టింది. వేలిని వంచే స్నాయువు, అంటే కండరాన్ని ఎముకకు కట్టే తాడు, తన గొట్టంలో ఇరుక్కుని, వంచిన వేలు వంగినట్టే ఉండిపోయి, తరువాత టక్కుమని విడివడే జబ్బును ఫ్రెంచి వైద్యుడు నోటా 1850లో వర్ణించాడు. ఆ జబ్బు పేరు ట్రిగ్గర్ ఫింగర్. ఆ జబ్బు ఉన్నవారికి ట్రిగ్గరు లాగడం కష్టమని వేరే చెప్పనక్కరలేదు. లాగినా, రెండోసారి లాగడానికి వేలు వెనక్కి రావాలా వద్దా అన్నది వేలి ఇష్టం.

మధ్యేమార్గం ఒకటుంది, న్యాయంగా చెప్పాలి. 1896లో వచ్చిన పాయింట్ 32 లాంగ్ తూటా గుండు ఆరు గ్రాముల పైచిలుకు. దాని మందు నడుమ గిన్నెలోనే ఉంటుంది గనుక స్ప్రింగు మరీ కోపిష్ఠిగా ఉండనక్కరలేదు, ఎదురుతన్ను కూడా మర్యాదగానే ఉంటుంది. అదే ఏడాది న్యూయార్క్ పోలీసు కమిషనర్ల బోర్డుకు నాయకత్వం వహిస్తున్న, తరువాత అమెరికా అధ్యక్షుడైన థియోడర్ రూజ్‌వెల్ట్ తన పోలీసులకు కోల్ట్ కంపెనీవారి పాయింట్ 32 రివాల్వరును ఇప్పించాడు. చిన్నప్పుడు ఉబ్బసంతో బాధపడి, జీవితమంతా కళ్ళద్దాలతో గడిపిన మనిషి అది. ఆరోగ్య పరిమితులు తెలిసినవాడు చేసిన ఎంపిక కనుక దాన్ని నేను గౌరవిస్తున్నాను. ఆ మహానుభావుడి దగ్గరికి మళ్ళీ వస్తాను. దుకాణంలో నా బాధంతా విన్న తరువాత కుర్రవాడు చెప్పిన సమాధానం మాత్రం ఇది: ఆ రకం అడిగేవారు తక్కువ, తెప్పించాలి సార్.

చేతివణుకుకు వైద్యుడు ఇచ్చే ప్రొప్రనలాల్ మాత్రతో నా వణుకు కొంత తగ్గింది. ఇదే మందు పరీక్షలో బయటపడిందని 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో ఉత్తర కొరియా షూటర్ కిమ్ జోంగ్ సు దగ్గర రెండు పతకాలు వెనక్కి తీసుకున్నారు. అంటే, ఇన్ని రోగాల మధ్య నాకు అక్రమంగా సంక్రమించిన లాభం ఒకటుందని ప్రపంచ క్రీడాధికారులే ధ్రువీకరించారు. దాడికి వచ్చేవాడు ఈ విషయం తెలిసి అభ్యంతరం చెబితే, నైతికంగా నా దగ్గర జవాబు లేదు. చత్వారం సంగతి క్లుప్తంగా చెబుతాను: అద్దాలు పెట్టుకుంటే గొట్టం చివరి గురిబుడిపె కనిపిస్తుంది, మనిషి కనిపించడు. తీసేస్తే మనిషి కనిపిస్తాడు, బుడిపె కనిపించదు. చెవి సంగతి ఇంకా క్లుప్తం. పొట్టి గొట్టంలోంచి పేలితే పాయింట్ 22 కూడా 140 డెసిబెల్స్ దాటుతుంది, మిగిలిన ఒక్క చెవినీ ఆత్మరక్షణకు సమర్పించుకోవలసి వస్తుంది.

రోజూ వెంట ఉంచుకునే చిన్న రివాల్వరు ఎవరి కోసమో, ఏ శత్రువు మీదికో స్పష్టంగా చెప్పిన కాలం ఒకటుండేది. 19వ శతాబ్దం చివర ఫ్రాన్స్‌లో వెలో డాగ్ అనే బుల్లి రివాల్వరు పుట్టింది. వెలో అంటే సైకిలు, డాగ్ అంటే తెలిసిందే. సైకిలు తొక్కేవారి వెంటపడే కుక్కల కోసం చేసినది. దానిలో ప్రాణం తీయని తూటాలు కూడా వాడేవారు, బెండు గుండ్లతో కొన్ని, మిరపకారంతో కొన్ని. శత్రువు ఎవరో తేల్చుకున్న తరువాత ఆయుధం కొనడమన్న ఆ పాతకాలపు పద్ధతి నన్ను ఆకట్టుకుంది. నేను ముందు ఆయుధం కొని, తరువాత శత్రువును వెతుక్కునే వరుసలో ఉన్నాను.

ఇక రూజ్‌వెల్ట్. 1912 అక్టోబర్ 14న మిల్వాకీ నగరంలో, ఎన్నికల సభకు బయలుదేరుతుండగా, ఒకడు ఆయనను దగ్గర నుంచి పాయింట్ 38 రివాల్వరుతో కాల్చాడు. గుండు జేబులో మడిచి పెట్టుకున్న 50 పేజీల ఉపన్యాసంలోంచీ, ఉక్కు కళ్ళద్దాల పెట్టెలోంచీ దూసుకుపోయి, అప్పటికి ఊపు తగ్గి ఛాతీలో ఆగింది. ఆయన చొక్కాకు నెత్తురంటి ఉండగానే సభకు వెళ్ళి గంటకు పైగా మాట్లాడాడు. ఆ గుండు ఆయన పోయేదాకా ఒంట్లోనే ఉంది. పోలీసులందరికీ రివాల్వరు ఎంచి ఇచ్చిన మనిషిని ఆ రోజు కాపాడినవి కళ్ళద్దాల సరంజామా, ఉపన్యాసం నిడివి.

ఈ రెండింటికీ ట్రిగ్గరు లేదు. ఎదురుతన్ను లేదు. చెవికి చప్పుడు లేదు, కనీసం ఉపన్యాసాన్ని చదవనంతవరకు. మనవడు ముట్టుకున్నా భయం లేదు. నిన్నటి నుంచి ఉక్కు కళ్ళద్దాల పెట్టెను ఎడమ జేబులో పెట్టుకు తిరుగుతున్నాను, నడుము ఇంతవరకు ఫిర్యాదు చేయలేదు. ఇక కావలసింది 50 పేజీలు. ఈ వ్యాసాన్ని ఎంత పెద్ద అక్షరాలతో రాసినా తొమ్మిది పేజీలకు మించలేదు. కాబట్టి వచ్చే వారం నుంచి నాకు కేటాయించిన స్థలాన్ని, కేవలం ఆరోగ్య కారణాల మీద, అయిదున్నర రెట్లు పెంచవలసిందిగా సంపాదకులను సవినయంగా కోరుతున్నాను.