ఆవిడది పార్షియల్, ఆయనది కంప్లీట్

బుధవారం సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చేసరికి మావయ్య వరండాలో చెక్క కుర్చీ వేసుకుని నిటారుగా కూర్చున్నాడు. మామూలుగా ఆ వేళకి వాలుకుర్చీలో ఉంటాడు. ముందు స్టూలు మీద పాత ఇంకు ప్యాడు, పక్కన కళ్లజోడు.

"ఒరేయ్, ఇలా రా. నువ్వు సాక్షివి."

"దేనికి మావయ్యా?"

"మీ అత్తనడుగు."

లోపల తాలింపు చిటపటలాడుతోంది. "వాడిప్పుడే వచ్చాడు. కాళ్లు కడుక్కోనివ్వండి. కాఫీ తాగుతావురా?" అంది అత్తయ్య.

"కాఫీ తర్వాత. ముందు రేపటి సంగతి తేల్చు."

సంగతేమిటంటే, మధ్యాహ్నం అత్తయ్య పెరట్లో ఉన్నప్పుడు ఆవిడ ఫోను మోగితే ఈయన ఎత్తాడు. మావయ్యకి ఎడమ చెవి కాస్త బరువు. పైగా ముప్పై నాలుగేళ్లు సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో పనిచేసిన మనిషి.

"ఎవరో ఆడపిల్లరా. 'రేపు పదిన్నరకి ఇద్దరూ రండి, ఇంప్రెషన్ తీసుకుంటాం' అంది. నాది ఫైనలట. ముందు బోర్డర్లు సరిచేసి, ఆ తర్వాత తీసుకుంటారట. ఆఖర్న 'ఆంటీగారిది పార్షియల్, మీది కంప్లీట్' అని పెట్టేసింది. నేను సర్వీసులో ఎన్ని వేల వేలిముద్రలు వేయించానో తెలుసా? చివరికి నా వేలికే ఎసరు పెట్టారు."

నాకు వెంటనే అర్థమైంది. పోయిన వారం కట్టుడు పళ్ల కోసం పళ్ల డాక్టరు దగ్గరికి వాళ్లిద్దర్నీ తీసుకెళ్లింది నేనే. ఆ రోజు డాక్టరు ఇంప్రెషన్ అన్న మాటే అనలేదు, 'కొలతలు' అన్నాడు. వేడినీళ్లలో మెత్తబెట్టిన గోధుమరంగు ముద్ద ఒకటి మావయ్య చిగుళ్లకి అదిమి తీసి, దాన్ని బట్టి ఆయన నోటికి సరిపోయే ట్రే చేయించి పెడతానన్నాడు. నేనా మాట చెప్పేసి ఉంటే గొడవ అక్కడితో తెగేది. చెబుదామనే నోరు తెరిచాను. ఈలోగా అత్తయ్య స్టవ్ కట్టేసి, చేతులు తుడుచుకుంటూ వచ్చి గడప మీద కూర్చుంది. పులుసు సగంలో ఆపి వచ్చి కూర్చుందంటే ఆవిడకీ అర్థమైందన్నమాటే. నేను నోరు మూసుకున్నాను.

"అవును, పదిన్నరకే. వెళ్తున్నాం. అయితే ఏమిటి?"

"నాకొక్క మాట చెప్పకుండానా?"

"మీకు చెప్పకుండా ఎలా తీస్తారండీ? మీరే కదా నోరు తెరవాలి."

"నలభై మూడేళ్లుగా తెరవలేదు కాబట్టే ఇంతదాకా వచ్చింది!"

"మూసిందెప్పుడో చెప్పండి, గోడ మీద రాసుకుంటాను."

మావయ్య నా వైపు తిరిగాడు. "దీని వెనక మీ నాన్న ఉన్నాడురా."

"మా నాన్నా?"

"మొన్న వచ్చినప్పుడు దొడ్లో కొబ్బరిచెట్లు లెక్కపెట్టాడు. నా కళ్లతో చూశాను."

"దింపు మనిషికి ఎన్ని చెట్లో చెప్పాలి, లెక్కపెట్టి రా బావా అని మీరేగా పంపారు," అంది అత్తయ్య.

"మీ తమ్ముణ్ణి వెనకేసుకు రాకు. పార్షియలంటే నాకు తెలీదనుకున్నావా? నీది కొంతే ఇచ్చి మిగతాది ఉంచుకుంటావు. నాది మాత్రం కంప్లీట్‌గా పోవాలి!"

"పోవాలి ఏమిటండీ, ఎప్పుడో పోయింది. అందుకే కదా కంప్లీటన్నారు. నాకింకా ఇరవై నాలుగున్నాయి."

మావయ్య కుర్చీలోంచి లేచాడు. "ఇరవై నాలుగా? ఇరవై నాలుగు సెంట్లా? ఎక్కడ?"

అత్తయ్య కళ్లు ఒక్కసారి నా మీదికొచ్చి, మళ్లీ ఆయన మీదికెళ్లాయి. ఆ చూపు చూశాక, రాత్రి భోజనం లేటైనా ఫరవాలేదనుకున్నాను.

"మొదట్లో ముప్పై రెండుండేవి. ఎనిమిది పోయాయి."

"ఎలా పోయాయి? కోర్టు కెక్కిందా?"

"ఒక్కోటీ ఒక్కోలా పోయింది. ఒకటి మీ అమ్మగారి అరిసె దగ్గర పోయింది."

"మా అమ్మకి రాశావా?"

అత్తయ్య మాట్లాడలేదు. మావయ్య మళ్లీ కూర్చున్నాడు. గొంతు మారిపోయింది. "మా అమ్మకి ఓ సెంటు రాసిచ్చావా? ఆవిడ బతికుండగా ఒక్క మాటైనా అనలేదే నాతో."

"ఎందుకంటారూ. నేనే చెప్పద్దన్నాను."

"ఈసీలో, అదే ఆస్తి లావాదేవీల చిట్టాలో, ఎక్కడా కనపడలేదే?"

"అరిసెలకి ఈసీ ఉండదు."

నేను కాఫీ గ్లాసు ముఖానికి అడ్డం పెట్టుకున్నాను. మావయ్య మాత్రం అరిసె అన్న మాట పట్టించుకోలేదు. ఆయన బుర్ర ఆ సెంటు దగ్గరే ఆగిపోయింది.

"సరే, అయిందేదో అయింది. కానీ ఈ ఇల్లు..."

"ఇల్లు మా నాన్న నాకు పసుపుకుంకుమ కింద ఇచ్చింది. ఇందులో మీ పేరున ఉన్నది కరెంటు బిల్లొక్కటే."

"మరి నా ఇంప్రెషన్ ఎందుకు?"

"లేకపోతే మీకెలా కుదురుతుంది?"

"ఏ వేలు? మగవాళ్లకి ఎడమ బొటనవేలు. అది అరిగిపోయి ఉంది. నవంబరులో పెన్షన్‌కి బతికున్నానని చూపించుకోడానికి మిషన్ మీద పెడితే ఆరుసార్లకి గానీ పడలేదు."

"వేలితో పనిలేదట. అంతా నోట్లోనేనట."

"నోటిమాట మీద రిజిస్ట్రేషనా!" మావయ్య స్టూలు మీద చరిచాడు. పళ్లు లేకపోవడంతో ఆ ముక్క 'రిజిష్ట్రేషనా' అని వచ్చింది. "వంద రూపాయలు, ఆపైన విలువున్న స్థిరాస్తి అమ్మకం రిజిస్టరు కావాల్సిందే. 1908 చట్టం. పదిహేడో సెక్షను. నోట్లో ఏం చేసినా చెల్లదు. ఒరేయ్, నన్ను చూస్తే అంత అమాయకుడిలా ఉన్నానా?"

"పెళ్లిచూపులప్పుడు మా పిన్ని చెప్పింది," అంది అత్తయ్య తీరిగ్గా. "కుర్రాడు బుద్ధిమంతుడు, నోట్లో వేలు పెడితే కొరకలేడని. ఇన్నాళ్లకి ఆ మాట నిజమైంది."

"వస్తాను. రేపు వచ్చి అందరి ముందూ అడుగుతాను."

"రండి. ఇడ్లీ రెండే తినండి. నాలుగు తిని వస్తే అక్కడ వాంతి చేసుకుంటారు."

"బెదిరిస్తున్నావా?"

ఆ రాత్రి పెరుగన్నం మెత్తగా పిసికి, ఆవకాయ ముక్క తీసేసి ఊట మాత్రం కలిపి ఆయన ముందు పెట్టింది. "తింటే తినండి. సంతకం అడగనులెండి." తిన్నాడు. ఊట ఇంకాస్త వెయ్యమన్నాడు కూడా.

మర్నాడు ఆటో పళ్ల ఆసుపత్రి ముందు ఆగింది. మావయ్య దిగలేదు.

"ఇక్కడెందుకు ఆపించావు?"

"ఇక్కడే కదండీ."

మావయ్య బోర్డు చూశాడు, నన్ను చూశాడు, అత్తయ్యని చూశాడు. ఇప్పటికైనా వెలిగిందనుకున్నాను.

"డాక్టరు కూడా ఉన్నాడా ఇందులో! ఒక్క పళ్ల సెట్టుకి ఐదు సెంట్ల ఇల్లా!"

"ఐదు కాదు, చెట్లతో సహా," అని అత్తయ్య లోపలికి నడిచింది.

ముందు ఆవిణ్ణి పిలిచారు. మావయ్య కూడా లోపలికొచ్చి, జేబులోంచి ఇంకు ప్యాడు తీసి, ఎడమ బొటనవేలికి బాగా పట్టించి, అడిగిన వెంటనే వేసేలా గాల్లో పట్టుకుని నిలబడ్డాడు. అసిస్టెంటు పిల్ల రబ్బరు గిన్నెలో గులాబీరంగు పొడి పోసి, కొలిచిన నీళ్లు కలిపి, చప్పటి గరిటెతో గిన్నె అంచుకి నొక్కుతూ గబగబా తిప్పుతోంది. అత్తయ్యకి పిండి కనిపిస్తే ఊరుకోవడం తెలీదు.

"ఉండ కట్టనివ్వకమ్మా. ఇంకో చెంచా నీళ్లు పడతాయి."

"పడవాంటీ. జారైతే అచ్చు నిలవదు. తొందరగా గట్టిపడిపోతుందని నీళ్లు చల్లగా పోశాను."

"దేంతో చేస్తారిది?"

"సముద్రపు నాచు నుంచి తీస్తారాంటీ. ఆల్జినేట్."

"నాచు తినిపిస్తున్నారు," అన్నాడు మావయ్య నాతో మెల్లగా. "మత్తు మందు."

కింది పళ్లకి ఇబ్బంది లేకుండా అయిపోయింది. పైదానికి ట్రే పెట్టి అదిమేసరికి ఆ ముద్ద అంగిలి మీదుగా వెనక్కి జారినట్టుంది, అత్తయ్యకి డోకొచ్చింది. నిన్నటి నుంచి ఊరందరికీ ధైర్యం పంచిన మనిషి కుర్చీ చేతులు పట్టుకుని గిజగిజలాడిపోయింది. కళ్లలో నీళ్లు.

"తల ముందుకి వంచండి. ముక్కుతో గాలి పీల్చండి," అన్నాడు డాక్టరు. "ఒక కాలు పైకెత్తి అలాగే ఉంచండి. ధ్యాస అటు పోతుంది."

నేను వెనక్కి తిరిగి చూసేసరికి మావయ్య పక్కన లేడు. అటువైపు వెళ్లి అత్తయ్య మణికట్టు పట్టేసుకున్నాడు. "ముక్కుతోనే, ముక్కుతో! నోటితో కాదు. అయిపోవచ్చింది. కాలెత్తు. ఇదిగో, నేనూ ఎత్తాను." నిజంగానే ఎత్తాడు. డెబ్బై రెండేళ్ల మనిషి ఒంటికాలి మీద ఊగుతుంటే పడిపోతాడేమోనని అసిస్టెంటు పిల్ల గిన్నె వదిలేసి ఆయన్ని పట్టుకుంది.

ట్రే బయటికొచ్చింది. అత్తయ్య మూతి తుడుచుకుని, ఊపిరి తీసుకుని, మొదట అన్న మాట: "ఇప్పుడు లెక్కపెట్టుకోండి."

మావయ్య కళ్లజోడు పెట్టుకున్నాడు. గులాబీ ముద్దలో వరసగా గుంటలు. పైది పదకొండు. కిందిది పదమూడు. లెక్క మళ్లీ మొదటినుంచి పెట్టాడు.

"ఇరవై నాలుగు," అన్నాడు.

ఎవరూ మాట్లాడలేదు.

"అంటే... సెంట్లు కావన్నమాట."

"కావు."

"మరి మా అమ్మకి రాసిచ్చింది?"

"దవడపన్ను. ఆవిడ పాకం ముదరబెట్టారు. నేనెవరితోనైనా అన్నానా?"

డాక్టరు అచ్చులకి తడిగుడ్డ చుట్టి వెంటనే లోపల పోతకి పంపించేశాడు. ఆలస్యమైతే నీరు ఆరిపోయి కుంచించుకుపోతాయట, అప్పుడు సెట్టు పట్టదట. మావయ్య వచ్చి కుర్చీలో కూర్చున్నాడు, ఓడిపోయినవాడిలా. అయితే ముప్పై నాలుగేళ్ల సర్వీసు అంత తేలిగ్గా పోదు. డాక్టరు ఆకుపచ్చ కడ్డీని దీపం మీద కరిగించి ట్రే అంచుకి పూస్తుంటే అడిగాడు.

"అదేమిటి?"

"బోర్డర్లండీ. అంచులు సరిచేస్తున్నాం."

మావయ్య వెన్ను నిటారైంది. "హద్దులు చదివి వినిపించండి."

పాపం ఆ డాక్టరుకి ఇదంతా తెలీదు. పేషెంటు శ్రద్ధగా అడుగుతున్నాడనుకుని చెప్పాడు. "ముందు పెదవి. అటూ ఇటూ బుగ్గలు. వెనక అంగిలి మెత్తబడే చోటు. కింది సెట్టుకి లోపలివైపు నాలుక కూడా."

"తూర్పు పెదవి, పడమర మెత్తటి అంగిలి, ఉత్తర దక్షిణాలు బుగ్గలు," అన్నాడు మావయ్య నాతో, రాసుకోమన్నట్టు. "హద్దు దాటితే?"

"ఒరుసుకుని పుండు పడుతుంది."

"తగ్గితే?"

"గాలి దూరి ఊడిపోతుంది. కంప్లీట్ సెట్టుకి పట్టుకోడానికి పక్కన పళ్లుండవు కదండీ. అంచులు సరిగ్గా కూర్చుని, మధ్యలో ఉమ్మి పొర ఉంటేనే నిలబడుతుంది. ఆంటీగారిదైతే పక్క పళ్లకి కొక్కేలు వేస్తాం."

"విన్నారా, నాకు పట్టుకోడానికి మనుషులున్నారు," అంది అత్తయ్య.

ఇక మావయ్యకి ఎక్కడలేని హుషారొచ్చింది. ఊ అనమంటే ఊ అన్నాడు, ఈ అనమంటే ఈ అన్నాడు. నాలుక చాపి అటూ ఇటూ తిప్పమంటే అత్తయ్య అందుకుంది. "నాలుక తిప్పడం ఆయనకి నేర్పక్కర్లేదు డాక్టరుగారూ." ఆయన నాలుక చాపి ఉన్నాడు కాబట్టి జవాబు చెప్పలేకపోయాడు.

తర్వాత పెదాలకి వాజిలిన్ రాసి, రెండు ట్యూబుల్లోంచి పేస్టు తీసి కలిపారు. గది నిండా లవంగనూనె వాసన. ట్రే నోట్లో పెట్టి, "నాలుగైదు నిమిషాలు కదలద్దు, మాట్లాడద్దు," అన్నాడు డాక్టరు.

అత్తయ్య పైట సర్దుకుని ముందుకొచ్చింది. "నాకెన్నాళ్లకి దొరికాయిరా ఈ అయిదు నిమిషాలు! ఇప్పుడు చెబుతాను చూడు." మావయ్య కళ్లు పెద్దవి చేశాడు. నేనూ ఎదురు చూశాను. తమ్ముడి మాట వస్తుందో, కరెంటు బిల్లు వస్తుందో అని. ఆవిడ ఆయన ముఖంలోకి వంగి చూసింది.

"మంటగా ఉందా?"

మావయ్య లేదన్నట్టు బొటనవేలు ఎత్తి చూపించాడు. ఊదారంగు బొటనవేలు.

మిగతా నిమిషాలన్నీ ఆవిడ లవంగాల ధర గురించి నాతో మాట్లాడింది.

ఇంకా రెండుసార్లు వెళ్లాలి. మైనం దిమ్మెలతో పై దవడకి కింది దవడ ఎక్కడ కలుస్తుందో చూస్తారట, ఆ తర్వాత మైనంలోనే పళ్లు కూర్చి పెట్టి చూపిస్తారట. సంక్రాంతికి సెట్టు చేతికొస్తుందన్నాడు డాక్టరు. "చేగోడీలు చెయ్యి," అని మావయ్య ఆటోలోనే మొదలుపెట్టాడు. "మొదట్లో మెత్తటివే తినాలన్నారు," అంది ఆవిడ. "పెరుగులో నానేసి పెడతా." పెరుగులో నానితే అది చేగోడీ ఎలా అవుతుందని ఇంటిదాకా పోట్లాట.

శుక్రవారం సాయంత్రం కాఫీ అందిస్తుంటే అత్తయ్య మణికట్టు మీద ఊదారంగు ముద్ర కనిపించింది. ఆ రోజు పట్టుకున్నప్పుడు పడినట్టుంది. అరిగిపోయిందన్న వేలు, గీతలన్నీ స్పష్టంగా ఉన్నాయి.

"కడుక్కోలేదా అత్తయ్యా?"

"ఎక్కడ తీరిందిరా," అంది, అప్పుడే తోమిన గిన్నెలు బోర్లిస్తూ.