కన్నీటి ప్రార్థనతోనే కథ ముగిస్తే ఎలా?

అమెరికాలో క్రైస్తవ స్త్రీల నవల పెద్ద వ్యాపారం. కెనడా రచయిత్రి జానెట్ ఓక్ 1979లో రాసిన పల్లె ప్రేమకథతో ఊపందుకున్న ఈ సాహిత్యానికి కట్టుబాట్లు గట్టివి. బూతు మాట వినపడకూడదు, పడకగది తలుపు మూసే ఉండాలి, నాయిక విశ్వాసం ఒకసారి సడలి మళ్లీ నిలబడాలి, చివరికి పెళ్లి జరగాలి. ఇందులో బాగా అమ్ముడుపోయే రకం, పాతకాలపు పద్ధతిలో బతికే అమిష్ అనే క్రైస్తవ శాఖవాళ్ల ప్రేమకథలు. గుర్రపు బండ్లు, తెల్ల టోపీల ఆడపిల్లలు, కరెంటు తీగ చేరని ఇళ్లు వాటి సరంజామా.

తమాషా ఏమిటంటే, ఆ అమిష్ వాళ్లు పాలమూరు (మహబూబ్‌నగర్) క్రైస్తవులకు దూరపు చుట్టాలు. పెద్దయ్యాకే బాప్తిస్మం తీసుకోవాలన్న ఐరోపా ఉద్యమం నుంచి మెనొనైట్లు వచ్చారు. 1693లో అదే ఉద్యమంలో వచ్చిన చీలికతో అమిష్ శాఖ పుట్టింది. దేవరకొండ, నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల, జడ్చర్లలో ఎం.బి. చర్చి అంటున్నది మెనొనైట్ బ్రదరెన్ సంఘాన్నే. 1889లో రష్యా నుంచి బయలుదేరిన ఆ సంఘపు అబ్రహాం ఫ్రీసెన్ దంపతులు అమెరికన్ బాప్టిస్టు మిషన్‌తో కలిసి నల్లగొండలో పనిచేశారు. ఈ చుట్టరికంలో పెన్సిల్వేనియా అమిష్ వైపు ఆడపిల్ల లక్షల పుస్తకాల నాయిక అయింది. పాలమూరు వైపు ఆడపిల్ల మాత్రం నవలల్లో దాదాపు కనిపించదు.

ఆమె గురించి రాసినవి అసలే లేవనలేం. చేతులు మారే చిన్న పుస్తకాల్లో, ఫోన్లలో తిరిగే కథల్లో ఆమె ఉంది, కానీ ఒకే మూసలో ఉంది. భర్త తాగి వచ్చి కొడతాడు. ఆమె ఉపవాసముండి ప్రార్థిస్తుంది. చివరి పేజీలో అతను మందిరానికి వచ్చి మోకరిల్లి ఏడుస్తాడు. అలా మారినవాళ్లు ఉన్నారు, కాదనను. అయితే మందిరంలో సాక్ష్యం (దేవుడు తమకు చేసిన మేలు) చెప్పడానికి లేచి నిలబడేది మారిన ఇంటివాళ్లే. మారని ఇంటి ఆడమనిషి వెనక చాప మీద కూర్చుని వింటుంది. ఆమె చేతిలో ఈ కథ పెడితే ఆమెకు అర్థమయ్యేది ఒకటే: నీ ప్రార్థన చాలలేదు. దెబ్బలు తిన్న మనిషి మీద ఈ నింద కూడా మోపడం నా దృష్టిలో క్రూరత్వమే, ఎంత మంచి మనసుతో చేసినా సరే.

స్త్రీల కూడికలో ఏది చదవాలో చెప్పేది మామూలుగా పాస్టరుగారి భార్య. ‘అమ్మగారు ఇచ్చారు’ అంటే ఆ పుస్తకానికి బరువు వస్తుంది. కాబట్టి ఇచ్చే ముందు ఆమె ఒక్కటి చూసుకోవాలి: నాయిక ప్రార్థన ముగించి లేచాక ఏం చేసింది? పుట్టింటికి వెళ్లిందా, పోలీసులకు చెప్పిందా, కూలి డబ్బు తన పేరున దాచుకుందా? ఏమీ చేయకుండానే అన్నీ చక్కబడితే ఆ పుస్తకం పక్కన పెట్టవచ్చు.

ఈ పరీక్షకు నిలిచే కథ బైబిల్లోనే ఉంది. రూతు గ్రంథం నాలుగే అధ్యాయాలు. కరవొచ్చి బేత్లెహేము విడిచి మోయాబుకు వలస వెళ్లిన కుటుంబం కథ అది. బొంబాయికి, పుణేకు వలస వెళ్లిన పాలమూరు జనానికి మొదటి వాక్యమే చాలు. నయోమి భర్తను, ఇద్దరు కొడుకులను పోగొట్టుకుని తిరిగొచ్చి, దేవుడు నాకు చేదే మిగిల్చాడని ఊరి ఆడవాళ్లతో అంటుంది. అలా అనకూడదని ఎవరూ ఆమె నోరు మూయించరు. కోడలు రూతు పరిగె ఏరడానికి పొలానికి వెళుతుంది. వేరుశనగ పీకిన చేలో మిగిలిన కాయల కోసం వంగిన వాళ్లకు ఇది వివరించనక్కరలేదు. ఆమె జోలికి వెళ్లవద్దని పొలం యజమాని బోయజు పనివాళ్లను హెచ్చరిస్తాడు. ఒంటరి కూలిమనిషికి చేలో ఉండే ప్రమాదం రాసినవారికి తెలుసు. కథ తేలేది కూడా దేవదూత రాకతో కాదు, ఊరి ద్వారం దగ్గర పదిమంది పెద్దల ఎదుట, భూమి ఎవరికన్న లెక్కతో. (ఎస్తేరు గ్రంథంలోనైతే దేవుడి పేరే కనపడదు. పేజీకొక బైబిలు వాక్యం ఉండాల్సిందే అనేవాళ్లు అది ఒకసారి తిరగేయాలి.)

ఇంకో మాట. 2011 జనగణన నాటికి ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాలో స్త్రీల అక్షరాస్యత సగానికి చేరలేదు. మిషన్ల కాలంలో బైబిలు స్త్రీలు ఇల్లిల్లూ తిరిగి చదివి వినిపించేవారు. ఇప్పటికీ పైకి చదివితే ఆకట్టుకునే కథనే ఎంచుకోవాలి.

రాయవలసినవి చాలా ఉన్నాయి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవం తీసుకున్న దళితులకు ఎస్సీ హోదా ఉండదు. తెలంగాణలో వారిని బీసీ-సిలో చేర్చారు, ఆ కోటా 1 శాతం. అందుకే కుల ధ్రువపత్రంలో ఒక పేరు, బాప్తిస్మంలో ఇంకో పేరు. కాలేజీ దరఖాస్తులో మతం గడి దగ్గర ఆగిపోయిన కూతురు, ఆదివారం ఆరాధన తప్పని తల్లి: ఈ ఇద్దరి మధ్య ఒక నవలకు సరిపడా గొడవ ఉంది. ఇందులో విశ్వాసముంది, భయముంది, అబద్ధముంది, ప్రేమా ఉంది. దీన్ని సాక్ష్యంగా చెప్పలేరు, చెబితే పిల్ల సీటుకే ముప్పు. పేరు, ఊరు మార్చి కథగా మాత్రం రాయవచ్చు.