అద్దె పెంచింది సాఫ్ట్‌వేర్ అంటే సరిపోదు

ఒక ఊళ్ళో పోటీ పడాల్సిన వ్యాపారులంతా తమ లోపలి లెక్కలు తీసుకెళ్ళి ఒకే కంపెనీ చేతిలో పెట్టి, ఆ కంపెనీ చెప్పిన రేటుకే అమ్మితే దాన్ని సిండికేట్ అంటాం. మధ్యలో మనిషి బదులు కంప్యూటర్ ఉన్నంత మాత్రాన ఆ పని మంచిదైపోదు. అమెరికాలో అపార్ట్‌మెంట్ అద్దెల విషయంలో ఏళ్ళ తరబడి జరిగింది ఇదేనని నేను గట్టిగా నమ్ముతున్నాను. ఇక్కడ అద్దెకుంటున్న మన తెలుగు కుటుంబాల్లో చాలామందికి ఈ సంగతే తెలియకపోవడం బాధగా ఉంది. అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

లీజు రెన్యూవల్ నోటీసు చూసి లీజింగ్ ఆఫీసుకి పరిగెత్తని వాళ్ళు మనలో తక్కువ. "ఇన్నేళ్ళుగా ఉంటున్నాం, ఒక్క నెల కూడా అద్దె ఆలస్యం చేయలేదు, ఇంత ఎందుకు పెంచారు?" అని అడిగితే అక్కడున్న అమ్మాయి పాపం ఏం చెబుతుంది? "రేటు మేం పెట్టేది కాదండీ, సిస్టమ్ ఇస్తుంది" అంటుంది. నాకూ అదే జవాబు వచ్చింది. ఆ అమ్మాయి మీద నాకే కోపమూ లేదు. కానీ ఆ సిస్టమ్ ఎవరిది, దానికి ఆ అంకె ఎలా తెలిసింది అని అడిగే హక్కు అద్దె కట్టేవాడికి ఉండాలి.

ఈ రంగంలో అందరికన్నా పెద్ద కంపెనీ రియల్‌పేజ్. ఎక్కడో లేదు, మా టెక్సస్‌లోనే, డాలస్ పక్కన రిచర్డ్‌సన్‌లో ఉంది. 2021లో థోమా బ్రావో అనే పెట్టుబడి సంస్థ దీన్ని దాదాపు 1,000 కోట్ల డాలర్లకి కొనుక్కుంది. పెద్ద అపార్ట్‌మెంట్ సముదాయాలు నడిపే కంపెనీలు వాడే ధరల సాఫ్ట్‌వేర్‌లో సుమారు 80 శాతం వాటా దీనిదేనని అమెరికా న్యాయశాఖ కోర్టుకి చెప్పింది.

అది పనిచేసే తీరు తెలిస్తేనే విషయం అర్థమవుతుంది. వెబ్‌సైట్‌లో కనిపించే అద్దె ఎవరైనా చూసుకోవచ్చు. పక్క కాంప్లెక్స్ వాడు చూసి తన రేటు మార్చుకున్నా తప్పు లేదు, అది మామూలు వ్యాపారం. అసలు విలువంతా బయటికి కనిపించని లెక్కల్లో ఉంటుంది. చివరికి ఎంతకి సంతకం అయింది, ఒక నెల ఉచితంగా ఇచ్చారా, ఎన్ని ఇళ్ళు ఖాళీగా ఉన్నాయి, ఏ నెలలో ఎన్ని లీజులు అయిపోతున్నాయి, పెంచిన రేటుకి ఎంతమంది ఒప్పుకుని ఉండిపోయారు లాంటివి. ఏ యజమానీ పక్కవాడికి చెప్పని రహస్యాలివి. పోటీ కంపెనీలన్నీ వీటిని ఒకే చోట పోస్తే, సాఫ్ట్‌వేర్ వాటినంతా కలిపి నమిలి, ప్రతి ఇంటికీ ఏరోజుకారోజు ఒక రేటు చెబుతుంది. దాన్ని చూడకుండానే ఒప్పేసుకునే ఆటో యాక్సెప్ట్ సదుపాయం కూడా ఉంది. చెప్పిన రేటు వద్దనుకుంటే రియల్‌పేజ్ సలహాదారులు కలగజేసుకుని నచ్చజెప్పేవారని న్యాయశాఖ ఆరోపణ. రేటు పెరగడానికి దారి సులువుగా, తగ్గడానికి కష్టంగా ఉండేలా సాఫ్ట్‌వేర్‌లోనే కట్టడి పెట్టారన్నది ఇంకో ఆరోపణ.

ఇల్లు ఖాళీగా ఉంటే యజమానికి భయం ఉండాలి. ఆ భయమే అద్దెకుండేవాడి బలం. "ఎదురుగా ఉన్న కాంప్లెక్స్‌లో తక్కువకి ఇస్తున్నారు" అన్న ఒక్క మాటే మన చేతిలో ఉన్న ఆయుధం. ఎదురుగా ఉన్న కాంప్లెక్స్‌కి రేటు చెప్పేది కూడా అదే సాఫ్ట్‌వేర్ అయినప్పుడు ఆ మాటకి విలువేముంది? 2022 అక్టోబరులో ప్రోపబ్లికా అనే పరిశోధన వార్తాసంస్థ ఈ వ్యవహారాన్ని బయటపెట్టింది. సియాటెల్‌లోని ఒక ప్రాంతంలో 70 శాతం అపార్ట్‌మెంట్లు పది కంపెనీల చేతుల్లోనే ఉన్నాయని, ఆ పదీ రియల్‌పేజ్ ధరల సాఫ్ట్‌వేరే వాడుతున్నాయని రాసింది. అది చదివినప్పుడు నాకు నిద్ర పట్టలేదు. సియాటెల్‌లో మన వాళ్ళు ఎంతమంది ఉన్నారో మీకు నేను చెప్పక్కర్లేదు.

దీనికి చట్టం లేదా అంటే, ఉంది. 1890 నాటి షెర్మన్ చట్టం. పోటీదారులు కూడబలుక్కుని ధరలు పెట్టడం దాని ప్రకారం నేరం. కంప్యూటర్ ద్వారా చేసినా నేరమేనని 2015లోనే తేలింది. అమెజాన్‌లో పోస్టర్లు అమ్మే కొందరు, ధరలు కలిసి ఉంచాలని ముందే మాట్లాడుకుని, దాన్ని అల్గారిథమ్‌తో అమలు చేశారు. న్యాయశాఖ క్రిమినల్ కేసు పెట్టింది, అందులో ఒకతను తప్పు ఒప్పుకున్నాడు. కానీ అక్కడ మనుషులు ముందు మాట్లాడుకున్నారు. అద్దెల దగ్గర యజమానులు ఒకరితో ఒకరు మాట్లాడుకోవాల్సిన పనే లేదు, అందరూ వెళ్ళి ఒకే బావిలో నీళ్ళు పోసి అదే బావిలోంచి తోడుకుంటే చాలు. చిక్కంతా ఇక్కడే. ఒప్పందం చూపించండి అని కోర్టు అడుగుతుంది. కాగితం ఉండదు, సమావేశం ఉండదు.

ఈ చిక్కుకి చక్కటి జవాబు చెప్పింది మొరీన్ ఓల్‌హౌసెన్. 2017లో ఆమె, వ్యాపారాల్లో పోటీ సరిగ్గా ఉందా అని చూసే అమెరికా ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌కి తాత్కాలిక అధ్యక్షురాలు, రిపబ్లికన్. వ్యాపారాలంటే పడని మనిషి కాదు. అల్గారిథమ్ అన్న మాట ఉన్న చోటల్లా "బాబ్ అనే మనిషి" అని పెట్టి చూడండి అన్నారు. మార్కెట్లో అందరి దగ్గరా రహస్య ధరల లెక్కలు సేకరించి, ఎవరు ఎంతకి అమ్మాలో అందరికీ చెప్పే పని బాబ్ చేయకూడదనుకుంటే, అల్గారిథమ్ కూడా చేయకూడదనే అనుకోవాలి. నా వాదనకి ఇంతకన్నా గట్టి ఆధారం నాకు అక్కర్లేదు.

2024 ఆగస్టులో న్యాయశాఖ, ఎనిమిది రాష్ట్రాలు కలిసి నార్త్ కరోలినా ఫెడరల్ కోర్టులో రియల్‌పేజ్ మీద దావా వేశాయి. 2025 జనవరిలో గ్రేస్టార్, క్యామ్డెన్, కోర్ట్‌ల్యాండ్ లాంటి ఆరు పెద్ద అపార్ట్‌మెంట్ కంపెనీలని కూడా చేర్చారు, మరో రెండు రాష్ట్రాలు కలిశాయి. ఆ పది రాష్ట్రాల్లో మా టెక్సస్ లేదు. కంపెనీ ఉన్నది ఇక్కడే, అద్దె కట్టేవాళ్ళు ఇన్ని లక్షల మంది ఉన్నదీ ఇక్కడే. అయినా లేదు. ఇది మర్చిపోవద్దు.

ఈ సాఫ్ట్‌వేర్ వాడే అపార్ట్‌మెంట్లలో అద్దెకున్నవాళ్ళు సగటున నెలకి 70 డాలర్లు ఎక్కువ కడుతున్నారని 2024 డిసెంబరులో వైట్‌హౌస్ ఆర్థిక సలహా మండలి అంచనా వేసింది. ఒక్క 2023లోనే మొత్తం 380 కోట్ల డాలర్లు. ఇది అంచనాయే, కోర్టు తీర్పు కాదు. రియల్‌పేజ్ మొదటినుంచీ ఆరోపణలు ఒప్పుకోలేదు, అద్దెలు పెరగడానికి అసలు కారణం ఇళ్ళు సరిపడా కట్టకపోవడమే అంటుంది. ఆ మాటలో సగం నిజం ఉంది, నేను కాదనను. ఆస్టిన్‌లో కుప్పలుగా కట్టాక అద్దెలు తగ్గాయి, అందరం చూశాం. ఇళ్ళు కట్టాలి. కానీ ఇళ్ళ కొరత ఉన్న ఊళ్ళోనే అద్దెకుండేవాడు ఎక్కువ బలహీనుడు, అక్కడే ఇలాంటి సాఫ్ట్‌వేర్ దెబ్బ గట్టిగా తగులుతుంది. కొరత ఉంది కాబట్టి కుమ్మక్కుని వదిలేయమనడం ఏం న్యాయం?

2025 నవంబరులో న్యాయశాఖ, రియల్‌పేజ్ రాజీకి వచ్చాయి. రేటు చెప్పేటప్పుడు పోటీదారుల రహస్య లెక్కలు వాడకూడదు. రేటు లెక్కగట్టే మోడల్‌ని తయారుచేయడానికి వాడే అలాంటి లెక్కలు కనీసం 12 నెలల పాతవి అయివుండాలి. రేటు తగ్గకుండా అడ్డుకునే కట్టడులు తీసేయాలి లేదా మార్చాలి. కోర్టు నియమించిన పర్యవేక్షకుడు ఉంటాడు. మంచివే. అద్దెదారుల తరఫున పోరాడిన వాళ్ళ గెలుపు కింద లెక్క వేస్తాను. అయితే ఈ రాజీలో జరిమానా లేదు, తప్పు ఒప్పుకోవడమూ లేదు. ఇంకో మాట అడుగుతాను. మన లీజు ఎన్నాళ్ళకి? ఎక్కువమందికి ఏడాదికి. అంటే 12 నెలల పాత లెక్క అంటే సరిగ్గా ఒక్క లీజు వెనకటిది. కిందటి ఏడాది ఇదే సీజన్‌లో ఎంత పెంచితే ఎంతమంది నోరు మూసుకుని కట్టారో చెప్పడానికి ఆ లెక్క చాలదా? నా ఉద్దేశంలో ఆ గడువు చాలా తక్కువ. పైగా ఆ రాజీ ఒక్క కంపెనీనే కట్టేస్తుంది. రేపు ఇంకొకరు ఇంకో పేరుతో అదే పని చేస్తే మళ్ళీ మొదటినుంచి దావా వేయాలి.

అందుకే చట్టంలోనే రాయాలి అంటున్నాను. కోర్టుల దారి ఎంత ఇరుకో లాస్ వేగస్ హోటళ్ళ కేసు చూపించింది. అక్కడ హోటళ్ళు ఒకే ధరల సాఫ్ట్‌వేర్ కొన్నాయి కానీ, అప్పీలుకి వచ్చేసరికి రహస్య లెక్కలు కలిపారన్న వాదన మిగల్లేదు. 2025 ఆగస్టులో నైన్త్ సర్క్యూట్ అనే ఫెడరల్ అప్పీలు కోర్టు హోటళ్ళ పక్షానే తీర్పిచ్చింది. నిజం చెప్పాలంటే ఆ తీర్పుతో నాకు పెద్ద గొడవ లేదు. ఇద్దరు ఒకే సాఫ్ట్‌వేర్ కొనుక్కోవడం తప్పు కాదు. తమ గుట్టు తెచ్చి ఒకే చోట కలపడం తప్పు. గీత అక్కడ గీయాలి, అదీ స్పష్టంగా గీయాలి.

కొన్నిచోట్ల గీశారు కూడా. శాన్‌ఫ్రాన్సిస్కో ఇలాంటి అద్దెల సాఫ్ట్‌వేర్‌ని 2024లోనే నిషేధించింది, తర్వాత ఫిలడెల్ఫియా, మినియాపొలిస్ ఆ దారి పట్టాయి. న్యూయార్క్ రాష్ట్రం 2025 అక్టోబరులో అద్దె ఇళ్ళకి సంబంధించి చట్టం చేసింది. అదే నెలలో కాలిఫోర్నియా ఇంకా ముందుకెళ్ళి, అద్దెలతో ఆగకుండా అన్ని వ్యాపారాలకీ వర్తించేలా చట్టం తెచ్చింది, 2026 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. బర్కిలీ నగరం నిషేధిస్తే మాత్రం రియల్‌పేజ్ కోర్టుకెళ్ళింది, తమ సలహా ఇవ్వడం వాక్ స్వాతంత్ర్యమంటూ. కొలరాడోలో చట్టసభ బిల్లు పాస్ చేసినా గవర్నర్ వీటో చేశారు. గెలుపు ఒక్క తీరుగా లేదు.

ఇండియాలో ఉన్నవాళ్ళు ఇది అమెరికా గొడవ అనుకోవద్దు. ఓలా, ఊబర్ అల్గారిథమ్ డ్రైవర్లందరికీ కలిపి ధర పెడుతోందని కాంపిటీషన్ కమిషన్‌కి ఫిర్యాదు వెళితే, డ్రైవర్ల మధ్య ఒప్పందమేదీ లేదని 2018లో కొట్టేశారు, 2020 డిసెంబరులో సుప్రీంకోర్టూ అదే ఖాయం చేసింది. తర్వాత అక్కడి పోటీ చట్టానికి చేసిన 2023 సవరణలో, తాను ఆ వ్యాపారంలో లేకపోయినా మధ్యలో ఉండి కుమ్మక్కుకి సాయపడినవాణ్ణి కూడా బాధ్యుణ్ణి చేసే మాట చేర్చారు. చాలా అవసరమైన మార్పు. కానీ అక్కడ కూడా ముందు ఒప్పందం రుజువవ్వాలి. హోటళ్ళు, ఆసుపత్రులు, హైదరాబాద్ ఐటీ కారిడార్‌లో అద్దెకిచ్చే హాస్టళ్ళు రేపు ఇలాంటి సాఫ్ట్‌వేర్‌కి మారితే, పోటీదారుల రహస్య లెక్కలు కలపడాన్నే నేరుగా నిషేధించే నిబంధన లేకుండా కమిషన్ ఏం పట్టుకుంటుంది?

టెక్సస్‌లో ఉన్నవాళ్ళకి నా విన్నపం ఒకటుంది. రాష్ట్ర చట్టసభ మళ్ళీ మామూలుగా కూర్చునేది 2027 జనవరిలో. సిటిజన్‌షిప్ ఉన్నవాళ్ళు మీ రిప్రజెంటేటివ్ ఆఫీసుకి ఫోన్ చేసి, న్యూయార్క్, కాలిఫోర్నియాల్లో వచ్చిన చట్టం ఇక్కడెందుకు లేదో అడగండి. హెచ్1బీ మీద ఉన్నవాళ్ళకి ఓటు లేకపోయినా ఉత్తరం రాసే హక్కు ఉంది, అద్దె కడుతున్నది మీరే కాబట్టి మీ నోటీసు కాపీ జతచేసి రాయండి. రెన్యూవల్ వచ్చినప్పుడు మాత్రం లీజింగ్ ఆఫీసుకి నోటితో కాదు, ఈమెయిల్‌లో అడగండి: ఈ రేటు ఏ సాఫ్ట్‌వేర్ ఇచ్చింది, అందులో ఇతర కాంప్లెక్సుల లెక్కలు వాడారా లేదా అని. జవాబు ఏమొచ్చినా, అసలు రాకపోయినా, ఆ ఈమెయిల్ దాచిపెట్టండి.